ఫైల్లో ట్రూహెచ్‌డీ ఉంది, రిసీవర్ మీద డాల్బీ డిజిటల్ అని వస్తోంది: మధ్యలో ఏం జరుగుతోంది?

ఇదే తలనొప్పితో వెతుక్కుంటూ వచ్చే మిగతావాళ్ల కోసం మీరు రాసింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్. హాల్లో 2021 మోడల్ ఎల్‌జీ ఓఎల్‌ఈడీ టీవీ, ఈ-ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే వెనక్కి పంపే ఏర్పాటు) ఉన్న ఏవీ రిసీవర్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్ పెట్టె), పైకప్పులో రెండు స్పీకర్లతో కలిపి 5.1.2 సెటప్. లోపలి గదిలో పాత ల్యాప్‌టాప్ మీద ప్లెక్స్ సర్వర్ (సొంత సినిమా ఫైళ్లని ఇంట్లో టీవీలకి పంపే సాఫ్ట్‌వేర్), అందులో మీరు కొనుక్కున్న బ్లూరే డిస్కుల నుంచి తీసిన ఫైళ్లు. సినిమా చూసేది టీవీలోనే ఉన్న ప్లెక్స్ యాప్‌లో. ట్రూహెచ్‌డీ ఫైలు పెట్టినా, డీటీఎస్-హెచ్‌డీ ఫైలు పెట్టినా (రెండూ డిస్కుల మీద వచ్చే లాస్‌లెస్, అంటే నాణ్యత ఏమాత్రం పోని ఆడియో రకాలు) రిసీవర్ మీద మాత్రం "డాల్బీ డిజిటల్" అనే పాత, నాణ్యత తగ్గిన రకమే కనిపిస్తోంది. షాపులో ఒకాయన ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ కొనమన్నాడు, ఆఫీసులో స్నేహితుడు టీవీయే మార్చేయమన్నాడు. ఏది మార్చాలి అని మీ ప్రశ్న. ల్యాప్‌టాప్ తీసేసి నాస్ (ఫైళ్లు దాచి ఇంటి నెట్‌వర్కులో అందించే పెట్టె) కొనాలా అని కూడా చివర్లో అడిగారు.

కేబుల్ వద్దు, టీవీ మార్చొద్దు. మీకు కావలసింది లాస్‌లెస్ ఆడియోని ముట్టుకోకుండా బయటికి పంపగలిగే ఒక ప్లేయర్. దాన్ని టీవీకి కాకుండా నేరుగా రిసీవర్‌కి తగిలించాలి. బొమ్మ రిసీవర్ నుంచి టీవీకి వెళ్తుంది, శబ్దం రిసీవర్ దగ్గరే ఆగిపోతుంది. ఈ ఒక్క మార్పుతో మీ సమస్యలో ముప్పాతిక వంతు తీరిపోతుంది. మిగతా పావు వంతు సెట్టింగులు, ఇంట్లో నెట్‌వర్కు.

ఎందుకో చెప్తాను. మీ ప్రశ్నలో అసలు ఆధారం డీటీఎస్ ఫైలు దగ్గరుంది. డీటీఎస్, డాల్బీ రెండూ వేర్వేరు కంపెనీల ఫార్మాట్లు, ఒకటి దానంతటది రెండోదిగా మారే ప్రసక్తే లేదు. డీటీఎస్ ఫైలు పెడితే రిసీవర్‌కి డాల్బీ డిజిటల్ చేరిందంటే, దారిలో ఎవరో డీటీఎస్‌ని పూర్తిగా డీకోడ్ చేసి డాల్బీ డిజిటల్‌గా మళ్లీ ఎన్‌కోడ్ చేశారన్నమాట. కేబుల్‌కి ఆ తెలివి ఉండదు. రిసీవర్ తనకు వచ్చింది చూపిస్తుందంతే. ఎల్‌జీ 2020 నుంచి 2022 వరకు తెచ్చిన మోడళ్లలో అసలు డీటీఎస్ లేదు, 2023లో మళ్లీ పెట్టారు. కాబట్టి మీ టీవీలోని యాప్ సర్వర్‌తో "నాకు డీటీఎస్ రాదు, ట్రూహెచ్‌డీ కూడా రాదు" అని ముందే చెప్పేస్తుంది. సర్వర్ పాపం మర్యాదగా ఆ ట్రాకుని టీవీకి అర్థమయ్యే దాంట్లోకి మార్చి పంపుతుంది. సినిమా నడుస్తున్నప్పుడు కంప్యూటర్‌లో ప్లెక్స్ డాష్‌బోర్డ్ తెరిచి చూడండి. ఆడియో పక్కన "ట్రాన్స్‌కోడ్" అని ఉంటే దొంగ దొరికినట్టే. అక్కడ "డైరెక్ట్ ప్లే" అని ఉండాలి.

ట్రూహెచ్‌డీ ఫైళ్లలో ఇంకో చిక్కుంది. బ్లూరే ప్రమాణం ప్రకారం ట్రూహెచ్‌డీని డీకోడ్ చేయడం ప్లేయర్లకి తప్పనిసరి కాదు. అందుకే డిస్కు మీద ప్రతి ట్రూహెచ్‌డీ ట్రాకుతో పాటు మామూలు డాల్బీ డిజిటల్ ట్రాకు ఒకటి కలిపే ఉంచుతారు. మేక్ఎంకేవీ అనే ప్రోగ్రాంతో డిస్కుని ఫైలుగా తీసేటప్పుడు ఇవి రెండు వేర్వేరు ట్రాకులుగా బయటికొస్తాయి. యాప్ తనకు సులువైన రెండోదాన్ని ఎంచుకుందనుకోండి, డాష్‌బోర్డ్‌లో "డైరెక్ట్ ప్లే" అనే ఉంటుంది. అది అబద్ధం కాదు, కానీ మీరు వింటున్నది లాస్‌లెస్ కూడా కాదు. అందుకని ఏ ట్రాకు ఎంపికైందో కూడా చూడాలి. డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోలో ఈ ఏర్పాటు వేరేగా ఉంటుంది. లోపల మామూలు డీటీఎస్ ఒక కోర్‌గా ఉండి, దాని పైన మిగతా సమాచారం పొరలా ఉంటుంది. ఆ పొర అర్థంకాని పరికరం కోర్‌ని మాత్రం తీసుకుంటుంది. రిసీవర్ మీద "డీటీఎస్-హెచ్‌డీ" కాకుండా ఉత్త "డీటీఎస్" అని వస్తే జరిగింది అదే.

ఎంత పోతోందో ఒకసారి అంకెల్లో చూడండి. 7.1 ఛానళ్ల ఆడియోని 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఏ కుదింపూ లేకుండా రాస్తే సెకనుకి 9.2 మెగాబిట్లు. ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో దీన్ని కుదిస్తాయి కానీ విప్పినప్పుడు ఒక్క బిట్ కూడా తేడా రాదు. బ్లూరే మీద ట్రూహెచ్‌డీకి గరిష్ఠ పరిమితి 18 ఎంబీపీఎస్, డీటీఎస్-హెచ్‌డీకి 24.5 ఎంబీపీఎస్. అదే డాల్బీ డిజిటల్‌కి పై హద్దు 640 కేబీపీఎస్, డీటీఎస్ కోర్‌కి 1.5 ఎంబీపీఎస్. ఆప్టికల్ కేబుల్ వాడేవాళ్లు ఇక్కడే ఆగిపోవాలి. దాంట్లో రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని ఆడియో) గానీ, డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ 5.1 గానీ వెళ్తాయి, అంతకు మించి పోవు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన పాత ఆర్క్ కూడా దాదాపు ఆ కోవలోదే, కాకపోతే డాల్బీ డిజిటల్ ప్లస్‌ని, దాంట్లో వచ్చే అట్మాస్‌ని (పై స్పీకర్లలోకి కూడా శబ్దం పంపే డాల్బీ ఏర్పాటు) కూడా మోయగలదు. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో ప్రకటించిన ఈ-ఆర్క్‌కి ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ, ఎనిమిది ఛానళ్ల పీసీఎం అన్నీ మోసే సత్తా ఉంది.

మరి ఈ-ఆర్క్ ఉంది కదా, ప్లేయర్‌ని టీవీకే పెట్టి అక్కణ్నుంచి ఈ-ఆర్క్‌లో రిసీవర్‌కి తీసుకుంటే సరిపోదా అంటారేమో. మీ టీవీలో అయితే సగమే సరిపోతుంది. హెచ్‌డీఎంఐ ద్వారా వచ్చిన ట్రూహెచ్‌డీని అది ముందుకు పంపిస్తుంది, డీటీఎస్‌ని పంపించదు. 2018 నుంచి శాంసంగ్ టీవీల్లోనూ డీటీఎస్ లేదు. నేరుగా రిసీవర్‌కి పెట్టమని నేను పట్టుబట్టేది ఇందుకే. టీవీ కంపెనీ ఏ ఏడాది ఏ లైసెన్సు తీసేస్తుందో, ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఏం మారుస్తుందో మనకెందుకు? శబ్దం దారిలో టీవీయే లేకపోతే ఆ గొడవే ఉండదు.

ప్లేయర్ ఎంపిక దగ్గర చాలామంది తొందరపడతారు. పెట్టె మీద "డాల్బీ అట్మాస్" ముద్ర చూసి కొనేస్తారు. అట్మాస్ అనేది విడి ఫార్మాట్ కాదు. ట్రూహెచ్‌డీ మీద ఎక్కి వస్తే లాస్‌లెస్, ఓటీటీల్లో లాగా డాల్బీ డిజిటల్ ప్లస్ మీద ఎక్కి వస్తే లాస్సీ, అంటే కుదింపులో కొంత పోతుంది. టీవీ వెనక దూర్చే చిన్న స్టిక్కుల్లో ఎక్కువభాగం రెండో రకానికే పనికొస్తాయి. ఓటీటీలకి అవి చాలు, మీ పనికి చాలవు. కొనేముందు మీరు అడగాల్సినది ఒక్కటే: ట్రూహెచ్‌డీ అట్మాస్, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో, డీటీఎస్ ఎక్స్ (అట్మాస్ లాంటి డీటీఎస్ రకం) మూడింటినీ సీలు తీయని పార్శిల్‌లా రిసీవర్‌కి అందిస్తుందా? దీన్నే పాస్‌త్రూ అంటారు, బిట్‌స్ట్రీమింగ్ అన్నా అదే.

ఈ పరీక్షలో నెగ్గేవాటిలో ఎక్కువమంది వాడేది ఎన్విడియా షీల్డ్ టీవీ ప్రో. 2019 మోడల్, వయసైపోయింది. కానీ ప్లెక్స్, కోడీ (ఫైళ్లు ఆడించే ఉచిత ప్లేయర్), ఓటీటీ యాప్‌లు అన్నీ ఒకే రిమోట్‌తో నడుస్తాయి, ఇంట్లో పెద్దవాళ్లకి కూడా అలవాటు చేయడం తేలిక. మన దగ్గర మామూలు షోరూముల్లో పెట్టరు, అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులే దిక్కు. ఆ దారిలో తెప్పిస్తే వారంటీ మీద ఆశ పెట్టుకోకండి. రెండోది ఊగూస్ ఏఎం6బీ ప్లస్ పెట్టె మీద కోర్‌ఎలెక్ అనే కోడీ ఆధారిత సాఫ్ట్‌వేర్. ఇది పూర్తిగా సినిమా పిచ్చివాళ్ల సరంజామా. 4కె డిస్కుల్లో డాల్బీ విజన్‌కి (బొమ్మలో వెలుగునీడలు మెరుగ్గా చూపించే హెచ్‌డీఆర్‌లో ఒక రకం) రెండో పొర ఉంటుంది, దాన్ని కూడా సరిగ్గా చూపించే పెట్టె కావాలనుకునేవాళ్లు దీనికే వస్తారు. ఓటీటీ యాప్‌ల కోసం మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. మూడోది, చేతిలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ ఖాళీగా పడి ఉంటే దాని మీద లిబ్రెఎలెక్ (ఇదీ కోడీ ఆధారితమే) వేసుకోండి. ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ రెండూ పాస్‌త్రూ అవుతాయి, హెచ్‌డీఆర్10 కూడా వస్తుంది, డాల్బీ విజన్ రాదు. డబ్బు పెట్టే ముందు రుచి చూడటానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

ఆపిల్ టీవీ 4కె గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఐటీ జనం ఇళ్లలో అది ఎక్కువగా కనిపిస్తుంది. అందులో ఇన్‌ఫ్యూజ్ లాంటి యాప్ ట్రూహెచ్‌డీని, డీటీఎస్-హెచ్‌డీని పెట్టెలోనే డీకోడ్ చేసి మల్టీఛానల్ పీసీఎంగా పంపుతుంది. రిసీవర్ మీద డాల్బీ పేరు కనిపించక "మల్టీ ఛానల్" అని వచ్చేసరికి జనం కంగారుపడతారు. కంగారు అక్కర్లేదు, అదీ లాస్‌లెస్సే. జిప్ ఫైలుని మీ కంప్యూటర్‌లో విప్పినా, నా కంప్యూటర్‌లో విప్పినా లోపలి కాగితం ఒకటే. పోయేది ఒక్కటి, అట్మాస్‌లో పై స్పీకర్ల కోసం ఉండే సమాచారం. 5.1 మాత్రమే ఉన్నవాళ్లకి దాంతో పనే లేదు. మీకు పైన రెండు స్పీకర్లు ఉన్నాయి కాబట్టి మీకు పాస్‌త్రూయే కావాలి.

పెట్టె వచ్చాక తగిలించడం ఇలా. పెట్టె నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ రిసీవర్ ఇన్‌పుట్‌కి. రిసీవర్ హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ నుంచి టీవీలో ఈ-ఆర్క్ అని రాసి ఉన్న పోర్టుకి. ఈ రెండో కేబుల్ రెండు వైపులా పని చేస్తుంది. బొమ్మ టీవీకి వెళ్తుంది, టీవీలోని ఓటీటీ యాప్‌ల శబ్దం తిరిగి రిసీవర్‌కి వస్తుంది. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి టీవీలోనే చూసుకోండి, వాటికి మీ టీవీ బాగానే ఉంది. కేబుల్ విషయానికొస్తే, 4కె హెచ్‌డీఆర్‌కి 18 జీబీపీఎస్ తట్టుకునే ప్రీమియం హై స్పీడ్ ధ్రువీకరణ ఉన్నది చాలు. డిజిటల్ కేబుల్ పాడైతే బొమ్మ ఆగుతుంది, మెరుపులు వస్తాయి, శబ్దం తెగుతుంది. అంతేగానీ అట్మాస్ కాస్తా డాల్బీ డిజిటల్ అయిపోదు. ఆ షాపాయన చెప్పిన బంగారు పూత కథ కథే.

రిసీవర్‌లో ఆ ఇన్‌పుట్‌కి 4కె సిగ్నల్ "ఎన్‌హాన్స్‌డ్" లో పెట్టండి, లేకపోతే హెచ్‌డీఆర్ రాదు. హెచ్‌డీఎంఐ ఆడియో అవుట్ అని ఒకటుంటుంది, అది టీవీ మీద కాకుండా ఆంప్లిఫయర్ మీద ఉండాలి. డైనమిక్ కంప్రెషన్ లేదా డీఆర్‌సీ అనేది చాలాచోట్ల ముందే "ఆటో"లో ఉంటుంది. ట్రూహెచ్‌డీ రాగానే అది తనంతట తానే పెద్ద శబ్దాలని నొక్కేస్తుంది. ఇంత కష్టపడి లాస్‌లెస్ తెచ్చుకుని చివర్లో దాని గొంతు నొక్కడం ఎందుకు, ఆపేయండి. రాత్రి పదిన్నర తర్వాత పిల్లలు పడుకున్నాక కావాలంటే వేసుకోవచ్చు, అది దానికోసమే ఉంది.

కోడీ వాడితే సిస్టమ్ సెట్టింగుల్లో ఆడియో దగ్గర పాస్‌త్రూ అనుమతించి, కింద ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ రెండు స్విచ్‌లూ వేయండి. మొదటిది వేసి కింద ఉన్న రెండూ మర్చిపోయేవాళ్లే ఎక్కువ. వీడియో దగ్గర "సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే" ఆపేయాలి, అది ఆన్‌లో ఉంటే పాస్‌త్రూ పని చేయదు. డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్ అనే స్విచ్ కనిపిస్తే ముట్టుకోకండి, ఆప్టికల్ వాడేవాళ్ల కోసం పెట్టింది అది. షీల్డ్‌లో ప్లెక్స్ యాప్ వాడితే దాని సెట్టింగుల్లో పాస్‌త్రూని హెచ్‌డీఎంఐకి పెట్టండి, షీల్డ్ సొంత సౌండ్ సెట్టింగుల్లో డాల్బీ ప్రాసెసింగ్ అనేది ఆపేయండి. యాప్‌లో వీడియో క్వాలిటీ "ఒరిజినల్" లేదా "మాక్సిమం" అని ఉండాలి. పాస్‌త్రూ మొదలయ్యాక ప్లేయర్ రిమోట్‌లో వాల్యూమ్ పని చేయకపోతే భయపడొద్దు, అది మంచి సూచన. సీలు తీయలేదు కాబట్టి దానికి లోపల ఏముందో తెలియదు, ఇక వాల్యూమ్ ఎలా తగ్గిస్తుంది?

ఇప్పుడు సర్వర్ వైపు. మీ ఫైళ్లనే ముందు అనుమానించండి. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిచి ఆడియో భాగం చదవండి. ట్రూహెచ్‌డీ అట్మాస్ అయితే "ఎంఎల్‌పీ ఎఫ్‌బీఏ 16" అని కనిపిస్తుంది. డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అయితే "ఎక్స్‌ఎల్‌ఎల్" అనే అక్షరాలుంటాయి. "ఈ-ఏసీ-3" అని, దాని పక్కన "జేఓసీ" అని ఉంటే అట్మాసే కానీ ఓటీటీ రకం. కొంతమంది డిస్కు ఫైలు యాభై, అరవై జీబీ ఉందని హ్యాండ్‌బ్రేక్‌తో చిన్నది చేస్తారు. హ్యాండ్‌బ్రేక్‌కి విడిగా చెప్పకపోతే ఆడియోని స్టీరియో ఏఏసీగా మార్చేస్తుంది. అలా చేసిన ఫైలుకి ఎన్ని లక్షల రిసీవర్ పెట్టినా పోయింది తిరిగి రాదు. చిన్నది చేయక తప్పకపోతే ఆడియో ట్యాబులో పాస్‌త్రూ ఎంచుకుని వీడియోని మాత్రం కుదించుకోండి.

సబ్‌టైటిల్స్ ఇంకో దొంగ. బ్లూరే సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని విడిగా చూపించలేని ప్లేయర్ అయితే సర్వర్ ఆ బొమ్మల్ని వీడియో మీద ముద్రించి పంపాలి. అంటే 4కె వీడియో మొత్తం ట్రాన్స్‌కోడ్. పాత ల్యాప్‌టాప్ ఫ్యాను రాకెట్‌లా మోగుతుంది, ఆ ఊపులో ఆడియో కూడా మారిపోవడం మామూలే. "సబ్‌టైటిల్స్ వేస్తేనే అట్మాస్ పోతోంది" అని ఎవరైనా చెప్తే కారణం ఇదే. షీల్డ్, కోడీ ఈ బొమ్మ సబ్‌టైటిల్స్‌ని తామే చూపిస్తాయి కాబట్టి ఆ బెడద ఉండదు. ప్లెక్స్ బదులు జెల్లీఫిన్ వాడినా ఇవే సూత్రాలు. ఉచితం, ఓపెన్ సోర్స్, 2018లో ఎంబీ అనే మరో సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి పుట్టింది. నాకు వ్యక్తిగతంగా కోడీలో నేరుగా ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్కులో పంచుకునే) ఫోల్డర్ పెట్టుకోవడమే ఇష్టం. మధ్యలో సర్వర్ లేకపోతే మార్చేవాళ్లే ఉండరు. పోస్టర్లు, ఎక్కడిదాకా చూశామో గుర్తుపెట్టుకోవడం, నాలుగు గదుల్లో నాలుగు టీవీలు కావాలంటే సర్వర్ ఉండాల్సిందే.

నెట్‌వర్కు దగ్గర మీరు "మాది 300 ఎంబీపీఎస్ ఫైబర్, స్పీడుకి ఇబ్బంది లేదు" అని రాశారు. ఆ 300 ఇంటి బయటికి పోయే దారిది. సినిమా మీ లోపలి గది నుంచి మీ హాలుకి వస్తోంది, ఆ దారి వేరు. ఇంటర్నెట్ మొత్తం పోయినా మీ ఫైళ్లు ఆడాలి. ఆడియోకి కావలసింది తక్కువే, లాస్‌లెస్ అయినా కొద్ది మెగాబిట్లు. బరువంతా వీడియోది. యాక్షన్ సీన్లలో 4కె డిస్కు ఫైళ్లు ఒక్కోసారి 100 ఎంబీపీఎస్ దాటిపోతాయి. టీవీల్లో లాన్ పోర్టు ఎక్కువగా 100 ఎంబీపీఎస్ దే. మీ ల్యాప్‌టాప్ ఏమో రెండు గోడల అవతల వైఫై మీద ఉంది. మన అపార్ట్‌మెంట్ల కాంక్రీటు గోడలు 5 గిగాహెర్ట్జ్‌ని ఎలా మింగేస్తాయో తెలిసిందే. అప్పుడు బఫరింగ్ వస్తుంది, ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, మనం యాప్‌లో క్వాలిటీ 20 ఎంబీపీఎస్‌కి తగ్గిస్తాం. బఫరింగ్ పోతుంది. కానీ తగ్గించమన్న క్షణం నుంచి సర్వర్ ట్రాన్స్‌కోడ్ మొదలుపెడుతుంది, దాంతో ట్రూహెచ్‌డీ కూడా పోతుంది. వైఫై బాగోకపోవడం వల్ల అట్మాస్ పోయిందని ఎవరికి తడుతుంది? నేను చూసిన ఇళ్లలో లాస్‌లెస్ పోవడానికి సగం కారణం ఇదే.

కాబట్టి ల్యాప్‌టాప్‌నీ, కొత్త పెట్టెనీ రెంటినీ వైరుతో గిగాబిట్ రౌటర్‌కి కలపండి. ఫ్లాట్ కట్టేటప్పుడు టీవీకి, ఫోన్‌కి గోడల్లో పైపులు వేసి ఉంటారు. ఇప్పుడు అవి ఖాళీగానే ఉంటాయి, ఎలక్ట్రీషియన్‌తో వాటిలోంచి క్యాట్6 నెట్‌వర్కు వైరు లాగించండి. కరెంటు వైర్లు ఉన్న పైపులో మాత్రం వేయనివ్వొద్దు. వైరు ఎస్‌పీ రోడ్డులో (ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి) కొంటే నయం. వైట్‌ఫీల్డ్ నుంచి కారేసుకుని వెళ్లకండి, పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ వచ్చి గ్రీన్ లైన్ మారి చిక్‌పేటలో దిగి నడవండి. అక్కడ "క్యాట్6" అంటే రెండు రకాలు ఇస్తారు. ఒకటి అసలు రాగి, రెండోది అల్యూమినియం మీద రాగి పూత. చవకైనది రెండోది. గోడలోంచి లాగే వైరుకి రాగిదే తీసుకోండి, మళ్లీ మళ్లీ గోడలో చెయ్యి పెట్టలేం.

అన్నీ అయ్యాక రుజువు రిసీవర్ దగ్గరే చూసుకోవాలి. ముందు ప్యానెల్ మీద "అట్మాస్" అని వెలిగితే చాలదు, ఓటీటీ అట్మాస్‌కీ అదే వెలుగుతుంది. రిమోట్‌లో ఇన్ఫో నొక్కి ఇన్‌పుట్ సిగ్నల్ వరస చదవండి. అక్కడ ట్రూహెచ్‌డీ అని ఉందా, డాల్బీ డిజిటల్ ప్లస్ అని ఉందా అన్నదే తేల్చే మాట. డీటీఎస్ ఫైలు పెట్టి డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ అని కూడా చూసుకోండి. రెండూ వస్తే పని అయినట్టే.

మరి ఇంతా చేస్తే తేడా వినిపిస్తుందా? నా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్తాను, కొంతమందికి నచ్చదు. మీ దగ్గర ఇప్పుడు వస్తున్న డాల్బీ డిజిటల్ నుంచి లాస్‌లెస్‌కి మారితే తేడా తెలుస్తుంది, అందులోనూ ఎక్కువ భాగం పై స్పీకర్లు, వెనక ఛానళ్లు సరిగ్గా పని చేయడం వల్ల. కానీ మంచి ఓటీటీ అట్మాస్‌కీ ట్రూహెచ్‌డీ అట్మాస్‌కీ మధ్య తేడా జనం చెప్పుకునేంత పెద్దది కాదు. నెట్‌ఫ్లిక్స్ 2019 నుంచి అట్మాస్‌ని 768 కేబీపీఎస్ దాకా ఇస్తోంది, అది తక్కువేం కాదు. "డిస్కు ఎంత గట్టిగా ఉందో!" అని మురిసిపోయేవాళ్లు చాలాసార్లు వింటున్నది వాల్యూమ్ తేడానే. డాల్బీ ట్రాకుల్లో డైలాగ్ నార్మలైజేషన్ అని ఒక అంకె ఉంటుంది, దాన్నిబట్టి ఒక ట్రాకు ఇంకోదాని కంటే 4 డెసిబెల్స్ తక్కువగా రావచ్చు. పోల్చాలనుకుంటే ముందు రెండింటి వాల్యూమ్ సమానం చేసి తర్వాత పోల్చండి.

మన సినిమాల సంగతి ఇంకోటి. తెలుగు సినిమాల బ్లూరేలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఇంగ్లిష్ సినిమా డిస్కుల మీద తెలుగు డబ్బింగ్ ట్రాకు సాధారణంగా ఉండదు. అవి చూడాలంటే ఓటీటీయే గతి. ఓటీటీ అంటే డాల్బీ డిజిటల్ ప్లస్, దాన్ని ఏ పెట్టె పెట్టినా లాస్‌లెస్ చేయలేం. పాటలకి కూడా అంతే. ఆపిల్ మ్యూజిక్‌లో లాస్‌లెస్ ఉంది, అట్మాస్ ఉంది, కానీ లాస్‌లెస్ స్టీరియోలోనే, అట్మాస్ పాట మాత్రం లాస్సీ. మీ డిస్కుల్లో ఎక్కువభాగం ఇంగ్లిష్ సినిమాలే అని రాశారు కాబట్టి ఈ ఖర్చుకి అర్థం ఉంది. తెలుగు సినిమాలే తొంభై శాతం చూసే ఇల్లయితే పెట్టె కొనొద్దనే చెప్పేవాణ్ని. ఆ డబ్బుతో మందపాటి కర్టెన్లు, నేల మీద ఒక కార్పెట్ కొనుక్కోమనేవాణ్ని. విట్రిఫైడ్ టైల్సు, బాల్కనీ వైపు అద్దాల తలుపు, ఖాళీ గోడలు ఉన్న హాల్లో సెంటర్ స్పీకర్ నుంచి వచ్చే మాట గోడగోడకీ తగిలి తిరిగొస్తుంది. లాస్‌లెస్ మాట అయినా అలాగే తిరిగొస్తుంది. వెనక స్పీకర్లు మీరు కూర్చునే చోటికి 110 డిగ్రీల దగ్గర, చెవుల కంటే కాస్త పైన ఉండాలి. సోఫాని గోడకి ఆనించేసి ఉంటే అడుగో, అడుగున్నరో ముందుకి జరపండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక నాస్. ఇప్పుడే అక్కర్లేదు. డైరెక్ట్ ప్లే అవుతున్నంత కాలం సర్వర్ చేసే పని ఫైలుని చదివి వైరులో పంపడమే, దానికి మీ పాత ల్యాప్‌టాప్ ఎక్కువే. అందులో గిగాబిట్ లాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ 3 అడాప్టర్ ఒకటి పెట్టండి. డిస్కు ఫైలు ఒక్కోటి సుమారు 60 జీబీ అనుకుంటే 4 టీబీ హార్డ్ డిస్కులో అరవై పైచిలుకు సినిమాలు పడతాయి. అది నిండాక నాస్ గురించి ఆలోచించండి. ఈలోపు బయటి హార్డ్ డిస్కుకి, రౌటర్‌కి కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టండి. మే నెల సాయంత్రం వానలకి కరెంటు పోయి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, హార్డ్ డిస్కుకి ఉండదు.